రెక్కల కిటికీ, గాలి లెక్క

హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో ఇప్పుడు లేస్తున్న అపార్ట్‌మెంట్లలో చాలావాటికి పక్కకు జరిపే కిటికీలే పెడుతున్నారు. తెల్లటి యూపీవీసీ చట్రం, రెండు అద్దాలు, దోమల జాలీకి మరో పట్టా. చూడటానికి నీటుగా ఉంటాయి. బయటికి పొడుచుకు రావు. చిన్నపిల్లలైనా సులువుగా జరుపుతారు. కానీ ఎంత జరిపినా అందులో సగం ఎప్పుడూ మూసే ఉంటుంది. ఒక అద్దం తెరుచుకోవాలంటే రెండో అద్దం వెనక దాక్కోవాలి కదా! నాలుగడుగుల కిటికీకి డబ్బు కట్టి, రెండడుగుల మేరే గాలి తెచ్చుకుంటున్నాం.

అంతకుముందు మన ఇళ్లలో ఉన్నది రెక్కల కిటికీ. టేకు చట్రం, లోపల ఇనుప ఊచలు, బయటికి తెరుచుకునే రెక్కలు, వాటికి మడతబందులు, తెరిచాక గాలికి కొట్టుకోకుండా కొక్కెం. చాలా ఇళ్లలో పైన ఒక జత, కింద ఒక జత, మొత్తం నాలుగు రెక్కలు ఉండేవి. పాత ప్రభుత్వ క్వార్టర్లలో ఇవే ఇనుముతో చేసి, కొక్కెం బదులు చిల్లుల పట్టీ పెట్టేవారు. ఇప్పుడు షోరూముల్లో ‘కేస్‌మెంట్’ పేరుతో అమ్ముతున్నది కూడా ఈ కిటికీనే. చెక్క పోయి యూపీవీసీ, అల్యూమినియం వచ్చాయి. బందు ఒక పక్కన ఉండి రెక్క తలుపులా తిరగడమన్న సూత్రం మాత్రం మారలేదు.

మన వాతావరణంలో కిటికీకి రెండు పనులున్నాయి. మే నెల మధ్యాహ్నం వడగాలి కొడుతున్నప్పుడు సందు లేకుండా మూసుకోవాలి. పొద్దుగూకి బయట చల్లబడ్డాక పూర్తిగా తెరుచుకోవాలి. పగలు గోడలు పీల్చుకున్న వేడిని రాత్రి గాలి పట్టుకుపోతేనే మర్నాటికి ఇల్లు తేరుకుంటుంది. ఈ రెండు పనుల్నీ చక్కగా చేయగలిగింది రెక్కల కిటికీ అని నా నమ్మకం. అయితే దానికి కొన్ని మొండి ఇబ్బందులున్నాయి. వాటిని ముందే ఆలోచించని ఇంట్లో అది ఎప్పుడూ మూసి ఉండే కిటికీ అవుతుంది.

ముందు తెరుచుకునే లెక్క చూద్దాం. ఇళ్లలో విద్యుత్ ఆదా కోసం కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ (బీఈఈ) 2018లో ‘ఎకో నివాస్ సంహిత’ అనే నియమావళి తెచ్చింది. కిటికీ మొత్తం వైశాల్యంలో నిజంగా తెరుచుకునే భాగం ఎంతో అందులో ఉంది. రెక్కల కిటికీకి 90 శాతం, రెండు అద్దాల జరుపుడు కిటికీకి 50 శాతం, మూడు అద్దాలదైతే 67 శాతం. గది నేల వైశాల్యంతో పోలిస్తే తెరుచుకునే భాగం ఎంత ఉండాలో కూడా అదే చెబుతుంది. ఉక్కపోత ఎక్కువగా ఉండే తీరప్రాంతాల్లో అది ఆరో వంతు. హైదరాబాద్ లాంటి మిశ్రమ వాతావరణంలో ఎనిమిదో వంతు.

పదడుగులు, పన్నెండడుగుల పడకగదిని తీసుకోండి. నేల 120 చదరపు అడుగులు. కాకినాడలోనో మచిలీపట్నంలోనో అయితే ఆ గదికి 20 చదరపు అడుగులు తెరుచుకోవాలి. నాలుగడుగుల చదరపు కిటికీలు రెండు పెట్టారనుకుందాం. జరుపుడు రకమైతే రెండూ కలిసి ఇచ్చేది 16 చదరపు అడుగులే, చాలదు. అవే రెక్కల కిటికీలైతే దాదాపు 29 చదరపు అడుగులు వస్తాయి. గోడలో కోసిన కన్నం ఒకటే, గాలి మాత్రం ఇంచుమించు రెట్టింపు. గోడను పెంచకుండా, గదిని పెంచకుండా ఇంత లాభం ఇచ్చే మార్పులు ఇంటి నిర్మాణంలో చాలా తక్కువ.

అయితే గాలి లోపలికి రావడానికి ఒక దారి ఉంటే సరిపోదు, పోవడానికి మరో దారి కావాలి. ఈ రెండిట్లో చిన్నది ఏదో అదే ప్రవాహాన్ని ప్రధానంగా నిర్ణయిస్తుంది. రెండు వైపులా సమానంగా పెద్ద కిటికీలు ఉండి, వాటిలో ఒకదాన్ని సగానికి తగ్గిస్తే, గది గుండా వెళ్లే గాలి మూడో వంతుకు పైగా పడిపోతుంది. రెండిటినీ సగానికి తగ్గిస్తే గాలి కూడా సగమే. హాలులో రెక్కల కిటికీ పెట్టి, ఎదురుగా వంటింట్లో అరకొరగా తెరుచుకునేది పెట్టి ‘గాలి రావడం లేదే’ అనుకునే ఇళ్లు ఎన్నో. పొరపాటు హాలు కిటికీలో లేదు, వంటింట్లో ఉంది.

గాలి ఆడని రాత్రి ఇంకో శక్తి పనిచేస్తుంది. వేడి గాలి తేలిక, పైకి పోతుంది. చల్లగాలి బరువు, కింది నుంచి వస్తుంది. నాలుగు రెక్కల కిటికీ పనితనం ఇక్కడే తెలుస్తుంది. కింది జత మూసి పై జత తెరిస్తే వీధిలోవాళ్లకు ఇల్లు కనబడదు, పైన చేరిన వేడి మాత్రం బయటికి పోతుంది. అన్నీ తెరిస్తే కింది నుంచి చల్లగాలి, పై నుంచి వేడి గాలి ఒకే కిటికీలో రెండు దారులు చేసుకుంటాయి. ఈ ఎత్తు తేడా వల్ల పుట్టే ఒత్తిడి చాలా స్వల్పం, నెమ్మదిగా వీచే గాలి ఒత్తిడిలో కూడా చిన్న భాగమే. అందుకే కన్నం ఎంత పెద్దదైతే అంత మంచిది. మరుగు, గాలి రెండూ కావాలన్న ఇంటికి ఇంతకన్నా మంచి ఏర్పాటు నాకు తెలిసి లేదు. కొత్త ఇళ్లలో దీన్ని వదిలేసుకోవడం నిజంగా నష్టం.

రెక్కకు ఇంకో గుణం ఉంది, దాని గురించి చాలామంది ఇల్లు కట్టించేవాళ్లు ఆలోచించరు. గాలి కిటికీకి ఎదురుగా కాకుండా గోడ వెంబడి పక్కగా వీచినప్పుడు, తెరిచిన రెక్క దాన్ని పట్టి లోపలికి మళ్లించగలదు. దక్షిణం గోడకు కిటికీ ఉంది, వానాకాలపు పడమటి గాలి ఆ గోడను రాసుకుంటూ పోతోంది అనుకోండి. తూర్పు అంచున బందు ఉన్న రెక్కను గోడకు లంబంగా తెరిస్తే అది గాలికి అడ్డంగా నిలబడుతుంది. గాలి అక్కడ ఆగుతుంది, ఒత్తిడి పెరుగుతుంది, కిటికీలోంచి లోపలికి తోసుకొస్తుంది. పడమటి అంచున ఉన్న రెక్కను తెరిస్తే జరిగేది దీనికి పూర్తిగా విరుద్ధం. గాలి దాని చుట్టూ తిరిగి ముందుకు పోతుంది. దాని వెనక, అంటే కిటికీ ముందర, ఒత్తిడి తగ్గుతుంది. గదిలోని గాలి బయటికి లాగబడుతుంది. పైగా గాలి ఆ రెక్క బయటి ముఖం మీద కొట్టి దాన్ని దఢాలున మూసేస్తుంది. రెక్క కొట్టుకుని అద్దం పగిలిందని విసుక్కునేవాళ్లు అది ఏ పక్క రెక్కో ఒకసారి గమనించాలి. సాధారణంగా గాలి వచ్చే వైపు బందు ఉన్నదే కొట్టుకుంటుంది.

ఈ గుణాన్ని ఉపయోగించుకుని, ఒకే గోడకు కిటికీలున్న గదిలో కూడా గాలి ఆడేలా చేయొచ్చు. అపార్ట్‌మెంట్లలో అలాంటి గదులే ఎక్కువ. ఒకే గోడలో ఎడంగా రెండు కిటికీలు పెట్టి, గాలి ముందుగా తగిలే కిటికీలో గాలిని పట్టే రెక్కను, తర్వాతి కిటికీలో గాలిని లాగే రెక్కను తెరవాలి. మొదటిదాని ముందర ఒత్తిడి పెరుగుతుంది, రెండోదాని ముందర తగ్గుతుంది, గాలి గదిలోంచి చుట్టి పోతుంది. జరుపుడు కిటికీలతో ఇది సాధ్యం కాదు, అవి గోడకు సమతలంగా ఉంటాయి కనుక. అయితే రెండో రెక్కకు గట్టి కొక్కెం ఉండాలి, లేకుంటే నిలవదు.

ఇక మూసుకునే సంగతి. జరుపుడు కిటికీ కదలాలంటే చట్రానికీ అద్దానికీ మధ్య కాస్త వెసులుబాటు ఉండి తీరాలి. ఆ సందులో బ్రష్‌లాంటి పట్టీ పెడతారు. అది దుమ్మును కొంత ఆపుతుంది, గాలిని పూర్తిగా ఆపలేదు. రోజూ రాసుకుని రాసుకుని అరిగిపోతుంది కూడా. రెక్కల కిటికీ మూసేటప్పుడు రెక్క చట్రం మీదికి వచ్చి రబ్బరును నొక్కుతుంది. ప్రెషర్ కుక్కర్ మూతలో గ్యాస్కెట్ చేసే పనే ఇది. పిడి తిప్పితే మూడు నాలుగు చోట్ల ఒకేసారి బిగుసుకునే తాళం ఉంటే రబ్బరు చుట్టూతా సమానంగా నలుగుతుంది. ఏసీ గదిలో చల్లదనం నిలవడానికి, వడగాలి దుమ్ము రాకుండా ఉండటానికి ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. జరుపుడు కిటికీల్లోనూ అద్దాన్ని ఎత్తి, జరిపి, దించి బిగించే రకాలు ఉన్నాయి కానీ అవి ఖరీదైనవి.

శబ్దం విషయంలో సందు చేసే చేటు ఇంకా పెద్దది. నాలుగడుగుల చదరపు కిటికీకి చుట్టూతా 3 మిల్లీమీటర్ల సందు ఉందంటే, అది ఆ కిటికీ వైశాల్యంలో నూరో వంతు. శబ్దశక్తిలో నూరో వంతు ఆ సందులోంచే నేరుగా లోపలికి వస్తుంది. నూరో వంతు అంటే డెసిబెల్ లెక్కలో 20 తగ్గడం. అంటే, అక్కడ ఎంత మందం అద్దం పెట్టినా ఆ కిటికీ 20 డెసిబెల్‌లకు మించి శబ్దాన్ని ఆపలేదు. సందును పదో వంతుకు, అంటే 0.3 మిల్లీమీటర్లకు తగ్గిస్తే ఆ హద్దు 30 డెసిబెల్‌లకు పెరుగుతుంది. మెయిన్‌రోడ్డు పక్కన ఇల్లుండి హారన్ల మోతతో నిద్రపట్టనివాళ్లు అద్దం మందం కన్నా ముందు సందు గురించి అడగాలి.

తుపాను తీరంలో ఉన్నవాళ్లకు ఈ బిగింపు ప్రాణరక్షణ వ్యవహారం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు గాలివేగం గంటకు సుమారు 180 కిలోమీటర్లు, అంటే సెకనుకు 50 మీటర్లు. మన భవన ప్రమాణాలు విశాఖ, విజయవాడలకు లెక్కలోకి తీసుకోమనే ప్రాథమిక గాలివేగం కూడా అదే 50 మీటర్లు. హైదరాబాద్‌కు 44. సెకనుకు 50 మీటర్ల వేగంలో గాలి చదరపు మీటరు మీద సుమారు 150 కిలోల బరువంత బలంతో నొక్కుతుంది. రెండడుగులు, నాలుగడుగుల రెక్క మీద అది 110 కిలోలు. బయటికి తెరుచుకునే రెక్కను ఎదురుగాలి చట్రంలోకే నొక్కుతుంది కనుక కిటికీ ఇంకా బిగుసుకుంటుంది. కానీ అదే ఇంటి పక్క గోడల మీద, వెనక గోడ మీద గాలి నొక్కదు, లాగుతుంది. అక్కడ బరువంతా గడియ మీద, బందుల మీద పడుతుంది. గడియ వాటాకు వచ్చే బరువును ఒక్కచోటే మోయడం వేరు, నాలుగు చోట్ల పంచుకోవడం వేరు. ఎదురుగాలి వైపు కిటికీ ఒక్కటి ఊడినా గాలి లోపల చేరి ఇంటి కప్పును కింది నుంచి ఎత్తుతుంది. రేకుల ఇళ్లలో కప్పు లేచిపోవడానికి ఇదొక ముఖ్య కారణం. తీరంలో ఉండేవాళ్లు కిటికీ ధరలో బేరమాడినా, తాళం, బందుల దగ్గర మాత్రం బేరమాడకూడదు.

ఇప్పుడు ఇబ్బందుల వైపు వద్దాం. మొదటిది బందు మీద బరువు. జరుపుడు అద్దం బరువు కింద చక్రాల మీద ఉంటుంది. రెక్క బరువు మొత్తం ఒక పక్కన వేలాడుతుంది. అది పై బందును చట్రంలోంచి బయటికి లాగుతూ, కింది బందును లోపలికి నొక్కుతూ ఉంటుంది. రెండడుగుల వెడల్పు, 20 కిలోల బరువు ఉన్న రెక్కకు బందుల మధ్య మీటరు దూరం ఉంటే పై బందు మీద అడ్డంగా పడే లాగుడు 6 కిలోలు. వెడల్పును నాలుగడుగులు చేస్తే బరువు రెట్టింపవుతుంది, అది వేలాడే దూరమూ రెట్టింపవుతుంది, కనుక లాగుడు 24 కిలోలు. వెడల్పు రెండింతలైతే బందు బాధ నాలుగింతలు. పెద్ద రెక్కలు కొన్నాళ్లకు వాలిపోయి, కింద చట్రానికి ఒరుసుకుని, చివరికి మూసుకోకుండా పోయేది ఇందుకే. పాత వడ్రంగులు రెక్కను సన్నగా, పొడవుగా చేసింది అందం కోసం మాత్రమే కాదు. ఇప్పుడు విశాలమైన దృశ్యం కావాలని ఒకే పెద్ద రెక్క అడిగేవాళ్లు, మధ్యలో కదలని అద్దం పెట్టించుకుని, రెండు పక్కలా సన్నటి రెక్కలు పెట్టించుకోవడం మేలు.

చెక్క రెక్కలకైతే వానాకాలపు బాధ అందరికీ తెలిసిందే. చెక్క తేమను పీల్చుకుని నారకు అడ్డంగా ఉబ్బుతుంది, నార పొడవునా దాదాపు పెరగదు. అందుకే రెక్క పొడవు అలాగే ఉండి వెడల్పు పెరిగి బిగుసుకుంటుంది. టేకు మిగతా కలప కన్నా తక్కువ ఉబ్బుతుంది, దాని విలువలో కొంత భాగం ఈ గుణానిదే. యూపీవీసీ తేమకు ఉబ్బదు కానీ ఎండకు పెరుగుతుంది. 30 డిగ్రీల తేడాకు మీటరుకు సుమారు 2 మిల్లీమీటర్లు. లోపల ఉక్కు పట్టీ లేని నాసిరకం చట్రం ఎండకు వంగిపోవడం వింతేమీ కాదు.

అన్నిటికన్నా మొండి సమస్య దోమల జాలీ. జరుపుడు కిటికీ మన ఊళ్లలో గెలిచింది దీనివల్లే అని నేను అనుకుంటాను. మూడో పట్టా మీద జాలీ జరుపుకుంటే చాలు, అద్దానికీ జాలీకీ గొడవే లేదు. రెక్క బయటికి తెరుచుకుంటే జాలీ లోపలి వైపు ఉండాలి, మధ్యలో గ్రిల్ ఉంటుంది. పూర్వం ఊచల సందులోంచి చెయ్యి పెట్టి రెక్కను లాక్కునేవాళ్లం. ఇప్పుడు రెక్క మూయాలంటే ముందు జాలీ తెరవాలి, గ్రిల్ లోంచి చెయ్యి పెట్టాలి. ఆ కాసేపట్లో, అందునా సంధ్యవేళ, దోమలు రానే వస్తాయి. ఈ అవస్థ పడలేక రెక్కలు మూసేసి ఏసీ వేసుకునే ఇళ్లు ఎన్నో! అలాగని జాలీ మానేయలేం, డెంగీ ఉన్న కాలంలో అది తప్పనిసరి. దాని కన్నాలు సన్నగా ఉండి గాలిని బాగా తగ్గిస్తాయన్నదీ నిజమే. అందుకే అసలు తెరుచుకునే భాగం పెద్దదై ఉండటం ఇంకా ముఖ్యం.

దీనికి పరిష్కారాలు లేకపోలేదు. లోపల బందుల మీద తిరిగే జాలీ రెక్క పెట్టి, గ్రిల్ డిజైన్‌లో పిడి దగ్గర చెయ్యి పట్టేంత ఖాళీ వదిలించుకోవడం ఒకటి. పైకి చుట్టుకునే జాలీ మరొకటి. నాకు నచ్చేది రెక్కను లోపలికి తెరుచుకునేలా పెట్టించుకోవడం. గ్రిల్, జాలీ రెండూ బయట స్థిరంగా ఉంటాయి, చేతికి ఏదీ అడ్డు రాదు, దోమకు ఎప్పుడూ సందు దొరకదు, అద్దం రెండు ముఖాలూ గదిలో నిలబడే తుడుచుకోవచ్చు. దీనికీ ఒక వెల ఉంది. తెర తగులుతుంది, కిటికీ పక్కన మంచమో బల్లో వేయలేం, ఎదురుగాలి రెక్కను చట్రం నుంచి లోపలికి తోస్తుంది కనుక రబ్బరు, తాళం మరింత గట్టివై ఉండాలి. జర్మనీలో లోపలికి తెరుచుకుంటూ, పిడి మరోలా తిప్పితే పై అంచు మాత్రమే లోపలికి వాలే కిటికీలు మామూలు. ఇక్కడా దొరుకుతున్నాయి, ధర ఎక్కువే.

వాన సంగతీ చూడాలి. జరుపుడు కిటికీని జల్లు పడుతున్నా అంగుళం తెరిచి ఉంచుకోవచ్చు. రెక్కను తెరిస్తే రెక్కా తడుస్తుంది, గదీ తడుస్తుంది. పైన లోతైన సన్‌షేడ్ ఉన్న పాత ఇళ్లలో ఈ బాధ తక్కువ. సన్‌షేడ్‌ను అడుగుకు కుదించిన, లేదా అసలే పెట్టని కొత్త భవనాల్లో ఎక్కువ. అలాంటి చోట పై అంచున బందు ఉండి కింది నుంచి బయటికి తెరుచుకునే రకం మేలు, అది తనకు తానే గొడుగు పడుతుంది. బాత్‌రూమ్ వెంటిలేటర్లకు ఈ రకాన్నీ వాడతారు.

స్థలం లేని చోట మాత్రం రెక్క నిజంగా ప్రమాదమే. అపార్ట్‌మెంటు నడవాలోకి, మెట్ల పక్కకి, పిల్లలు ఆడే బాల్కనీలోకి తల ఎత్తులో తెరుచుకున్న రెక్క మూల దెబ్బ తగిలిస్తుంది. ఇరుకు సందుల్లో పక్కవాళ్ల స్థలం మీదికి రెక్క తెరిస్తే తగాదా తప్పదు. పై అంతస్తుల్లో గ్రిల్ లేకపోతే, 10 సెంటీమీటర్లకు మించి తెరుచుకోకుండా ఆపే పరికరం పిల్లల గదిలో తప్పకుండా ఉండాలి. చాలా ఎత్తైన భవనాల్లో బందు విరిగితే రెక్క కింద ఎవరి మీద పడుతుందో చెప్పలేం. అక్కడ బయటికి తెరుచుకునే పెద్ద రెక్కలు వద్దనే నేనూ అంటాను.

కనుక ఇంటి మొత్తానికి ఒకే రకం కిటికీ అన్న అలవాటు మానుకుంటే మంచిది. పడకగదులకు, గాలి వచ్చే వైపు గోడలకు, రోడ్డు మోత ఉన్న వైపుకు రెక్కల కిటికీ. బాల్కనీ తలుపులకు, నడవా వైపుకు, ఇరుకు సందు వైపుకు జరుపుడు కిటికీ. బాత్‌రూమ్‌లకు పైబందు రకం. పడకగది కిటికీలకు కాస్త ఎక్కువ ఖర్చవుతుంది, బందులు, తాళాలు మంచివి కావాలి కనుక. ఆ ఖర్చు ఇంటి టైల్స్ మీద పెట్టేదాని ముందు చిన్నదే.

ఇల్లు కట్టించే ఆలోచనలో ఉన్నవాళ్లకు ఒక్క మనవి. కిటికీల సంగతి గోడలు లేచి, ప్లాస్టరింగ్ అయ్యాక షోరూముకు వెళ్లి తేల్చుకునేది కాదు. రెక్క ఎటు తెరుచుకోవాలి, బందు ఏ అంచున ఉండాలి, గ్రిల్ లోపలా బయటా, జాలీ ఎక్కడ, సన్‌షేడ్ ఎంత లోతు, ఇవన్నీ ప్లాను గీసే రోజే ఇంజినీరుతో మాట్లాడుకోండి. మీ ఊళ్లో ఎండాకాలం రాత్రి, వానాకాలం పగలు గాలి ఏ దిక్కు నుంచి వీస్తుందో ముందుగా గమనించి ఆయనకు చెప్పండి.